వినక చెప్పిన తీర్పు

సుమతీ శతకమున వినుటను గూర్చిన పద్యమొకటి కలదు. బైరకూరు సీమలో కన్నడ బడిలో చదువుకొన్న తెలుగు పిల్లవానికి సైతము అది కంఠస్థము. దానిని నేర్పినది బడి కాదు, ఇల్లు. ఆ పద్యమును మనుమలకు నేర్పిన మేమే దాని అర్థమును మరచితిమని ఒప్పుకొనుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అయితే ఇది వట్టి తప్పొప్పుకోలు మాత్రము కాదు. మావంటి పెద్దల మీదను, మా పిల్లలవంటి పిన్నల మీదను ఏకకాలమున మేము తెచ్చుచున్న అభియోగము. చదువరులు కోపగింపక తుదివరకు చదివి, ఆ పిమ్మట కోపగింపదగునేని కోపగింతురు గాక.

జరిగిన సంగతి స్వల్పమైనది. ఉగాది కూటమునకు కార్యక్రమము నిర్ణయించుటకై పెద్దలము కొందరము ఒక యింటి పంచలో చేరితిమి. హరికథ ఉండవలెనంటిమి, నాటక పద్యములుండవలెనంటిమి, కైవారము తాతయ్యగారి తత్త్వములు తప్పక ఉండవలెనంటిమి. బెంగుళూరులో పని చేయుచు పండుగకు వచ్చియున్న కుర్రవాడొకడు స్తంభమునకు ఆనుకొని వినుచుండెను. "తాతా, మాకొక అరగంట ఇయ్యండి. లెడ్ జెప్లిన్ అని ఇంగ్లండు వాళ్ల బృందం ఒకటుంది. వాళ్ల మొదటి రికార్డులో రెండు పాటలు వినిపించి, వాటి గురించి మాట్లాడతాము" అని అతడడిగెను. "అది పాటనా, రేకుల మోతనా?" అని మాలో ఒకరనిరి. అందరును నవ్విరి. ఆ నవ్వినవారిలో మేమును ఉంటిమి. కుర్రవాడు నవ్వలేదు. "మీరు విన్నారా తాతా?" అని మాత్రమడిగెను.

మాలో ఎవ్వరును వినలేదు. విననిదానిని తీసివేసితిమి. ఆ రాత్రి ఆ ప్రశ్న మమ్ము నిద్రపోనీయలేదు.

మరునాడు అతనిని పిలిపించి ఆ రికార్డును మొదటినుండి తుదివరకు వింటిమి. మొత్తము తొమ్మిది పాటలు. సుమారు 45 నిమిషములు. ఒక్కసారి కాదు, మూడు పర్యాయములు వింటిమి. దానిని గూర్చి లోకమున శ్రోతలు పలికిన పలుకులను ఆ కుర్రవాడు మాకు చదివి వినిపించెను. పాట కంటె ఆ పలుకులే మమ్మెక్కువగా ఆలోచింపజేసినవి. ఒక పాటను మనుష్యులు ఎన్ని విధములుగా వినక తీర్పు చెప్పగలరో, ఆ ఒక్క రికార్డు చరిత్రయే చాటి చెప్పుచున్నది.

ముందు ఆ రికార్డు పుట్టుపూర్వములు చెప్పెదము. జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్, జాన్ పాల్ జోన్స్, జాన్ బోనమ్ అను నలువురు 1968 లో ఒక్కటైరి. ఆ సంవత్సరము శరత్తులోనే లండను నగరమందలి ఒలింపిక్ స్టూడియోలో, అన్నియు కలిపి సుమారు 36 గంటల కాలములో, ఈ తొమ్మిది పాటలను ముద్రించిరి. అప్పటికి ఏ కంపెనీతోను ఒడంబడిక లేదు. ఖర్చు 1,782 పౌనులని పేజ్ చెప్పెను. ఆ సొమ్మును అతడే పెట్టుకొనెను. 1969 జనవరి 12 న అమెరికాలో రికార్డు వెలువడినది. అట్టపైన 1937 లో మండిపోయిన హిండెన్‌బర్గ్ అను జర్మను విమానపు ఓడ బొమ్మ. లోన గిటారు, డ్రమ్ములు, ఆర్గను, వీనికి తోడు ఒక పాటలో తబలా! ఆ తబలా వాయించినవారు విరామ్ జసాని. మేము రేకుల మోత యని నవ్విన రికార్డులో మన దేశపు వాద్యము పలుకుచుండెనని తెలిసిన క్షణమున మాకు కలిగిన సిగ్గును దాచిపెట్టదలపము.

ఇక తీర్పుల సంగతి. వానిలో మొదటిది విద్వాంసుల తీర్పు. ఆ సంవత్సరము మార్చిలోనే అమెరికాలోని రోలింగ్ స్టోన్ పత్రిక ఈ రికార్డును చులకన చేసి సమీక్ష వ్రాసినది. ఆ సమీక్షకుడు పాటను విననివాడు కాడు. కాని తనకు అంతకు ముందే నచ్చియున్న వేరొక బృందపు రికార్డును ప్రక్కన పెట్టుకొని, దాని కొలతతో దీనిని కొలిచెను. శ్రోతలు ఆ మాటను లెక్కచేయలేదు. రికార్డు అమెరికా పట్టికలో పదవ స్థానమును, ఇంగ్లండు పట్టికలో ఆరవ స్థానమును అందుకొన్నది. 2003 లో అదే పత్రిక సర్వకాలముల శ్రేష్ఠమైన 500 రికార్డులను ఏరి వరుస చేసినపుడు దీనికి 29 వ స్థానమిచ్చినది. 34 సంవత్సరములలో పాటలో ఒక్క స్వరమును మారలేదు, మారినది చెవి. విద్వాంసుల తొలి తీర్పును శిలాశాసనముగా భావించువారు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

రెండవది భక్తుల తీర్పు. "ఇది మహోత్కృష్టము, అందరును అట్లనుచున్నారు" అనునది వారి వాదము. ఇది మొదటిదానికంటె మేలైనది కాదు. పత్రిక నిందించినదని నిందించుటకును, పత్రిక పొగడినదని పొగడుటకును భేదమేమి? రెండింటిలోను చెవికి పనిలేదు. మూడవది వెనుకచూపు తీర్పు. "తరువాతి రికార్డులు ఇంతకంటె గొప్పవి, కావున ఇది పసితనపు పని" అనెడివారు వీరు. నడక వచ్చిన పిదప తొలి అడుగును వెక్కిరించుట వంటిది ఇది. తొలి అడుగును తొలి అడుగుగనే చూడవలెను. దానిలోని తొందరను, ధైర్యమును, తప్పును కలిపి చూడవలెను.

నాలుగవది అన్నిటికంటె బరువైన తీర్పు. "ఇది దొంగసొమ్ము" అనునది. దీనిని మేము తేలికగా తీసివేయజాలము, ఏలయనగా దీనిలో నిజము కలదు. ఈ రికార్డులో రెండు పాటలు విలీ డిక్సన్ అను నల్లజాతి కవిగాయకునివి. వానికి ఆయన పేరు వేసిరి. మరియొక పాట ఆన్ బ్రెడన్ అను ఆమె 1950 దశకమున కట్టినది. దానిని పరంపరగా వచ్చిన పాటయని అచ్చువేసిరి. ఆమె పేరు చేరుటకు సుమారు ఇరువది సంవత్సరములు పట్టినది. ఇంకొకటి జేక్ హోమ్స్ అను గాయకుడు 1967 లో వెలువరించిన పాటనుండి పుట్టినది. పేరు మాత్రము పేజ్‌ది. హోమ్స్ 2010 లో న్యాయస్థానమునకు వెళ్లెను. రాజీ పిదప ఆయన పేరును ప్రేరణగా చేర్చిరి. తబలా వాయించిన ఆ పాట బాణీ సైతము ఐర్లండు జానపదమునుండి, బర్ట్ జాన్ష్ అను గిటారు విద్వాంసుడు దానిని మలచిన తీరునుండి వచ్చినదే.

కావున అభియోగము నిజమే. కాని దానినుండి "అయితే వినవద్దు" అని తేల్చుట మాకు సమ్మతము కాదు. అప్పు తెచ్చుట పాపము కాదు. అప్పిచ్చినవాని పేరు దాచుట పాపము. ఈ భేదమును లోకమునకు నేర్పదగినవారు మన తెలుగు వాగ్గేయకారులు. త్యాగయ్య తన కృతి చివర తన పేరును నిలిపెను. క్షేత్రయ్య మువ్వగోపాలుని ముద్ర వేసెను. పాట ఏ ఊరు పోయినను, ఎవరి నోట పలికినను, ముద్ర దానితోకూడ పోవును. కాగితము లేకున్నను, న్యాయస్థానము లేకున్నను, పాటలోనే దస్తావేజు ఉండును! ఆన్ బ్రెడన్ పాటలో ఆమె ముద్ర ఉండియుండినచో ఇరువది సంవత్సరములు ఆమె అనామకురాలై యుండెడిది కాదు.

ఇంత గొప్ప ఆచారము కలిగిన మనము ఇపుడేమి చేయుచున్నాము? మన సీమలోని పెండ్లిండ్లలో మన అవ్వలు పాడు అలక పాటలు, అప్పగింతల పాటలు ఎవరు కట్టినవో ఏ కుర్రవాడైనను అడిగెనా? మేమైనను చెప్పితిమా? గొంతు మూగవోయిన పిదప పాటయు పోవుచున్నది. ముద్రలేని ఆ పాటల యజమానులకై ఏ న్యాయస్థానమునకును ఎవరును వెళ్లరు. ఇంగ్లండు కుర్రవారి దొంగతనమును ఎత్తిచూపుటకు ముందు ఇంటిలోని ఈ నష్టమునకు లెక్క చెప్పుట మన విధి.

ఇక మావారి తీర్పునకు వత్తుము: "అది పరదేశపు మోత, పిల్లలను చెడగొట్టును." పరదేశపుదగుటయే దోషమైనచో, వయొలిను లేని కచ్చేరి చేయవలసివచ్చును. ఆ వాద్యమును మన సంగీతమునకు తెచ్చినవారిలో ప్రముఖుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితులంతటివారు తెల్లవారి బ్యాండు బాణీలను విని, చెవులు మూసికొనక, వానికి సంస్కృత సాహిత్యము కట్టిరి. నోట్టుస్వరములని నేటికిని పిల్లలకు నేర్పుచున్నాము. మన జిల్లాలోనే, జాన్ టేలర్ కంపెనీ 1880 లో బంగారు గనులలో అడుగిడినది మొదలు, కోలారు గనుల క్లబ్బులలో పాశ్చాత్య సంగీతము మ్రోగుచునే యుండెను. 2001 ఫిబ్రవరి 28 న ఆ గనులు మూతపడినవి. మూతపడువరకు మన తెలుగు కూలీలు ఆ మోతకు చెడిపోలేదు. వారిని చెడగొట్టినది గని దుమ్మే గాని గిటారు కాదు.

మరియొక సంగతి. మన నాటక పద్యములకు ప్రాణము హార్మోనియము గదా! అదియును పరదేశపు పెట్టెయే. ఆ పెట్టె స్వరములు మన రాగములకు చాలవని చెప్పి ఆకాశవాణి 1940 లో దానిని బహిష్కరించినది. 1971 వరకు ఆ కట్టడి సడలలేదు. ఆ మూడు దశాబ్దములు మన పల్లెల రంగస్థలములపై హార్మోనియము మ్రోగుచునే యుండెను. పద్యము సాగుచునే యుండెను. పట్టణమున కూర్చున్నవారు మన వాద్యమును సంగీతము కాదన్నపుడు మనవారు నొచ్చుకొనిరి. నేడు మన పంచలో కూర్చుండి మనమే మరియొకరి వాద్యమును అట్లే బహిష్కరించుచున్నాము.

ఇంకను దగ్గరి దృష్టాంతము కావలెనా? 1956 నవంబరు 1 న రాష్ట్రములు పునర్విభజన చెందినపుడు మనము ఈ వైపున నిలిచితిమి. గీతకు ఆవలనున్న మన బంధువులు, అంతకంటె దూరమున కోస్తానుండి వచ్చిన ఉద్యోగులు, మన పలుకు రెండు మాటలు వినగనే "ఇదేమి తెలుగు? సగము కన్నడము!" అని నవ్వుదురు. వారు మన అవ్వల సామెతలు వినలేదు, మన తత్త్వములు వినలేదు. రెండు మాటలు విని నవ్విరి. ఆ నవ్వు ఎంత నొప్పించునో ఈ సంచిక చదువు ప్రతి కుటుంబమునకు తెలియును. పంచలో మేము ఆ కుర్రవాని ముందు నవ్వినది అదే నవ్వు.

మేము విని ఏమనుకొంటిమో చెప్పక తప్పించుకొనము. గాయకుడు ప్లాంట్ గొంతు పైషడ్జమును దాటి సాగినపుడు, గిటారు వెంటబడి అదే పలుకును తిరిగి పలుకును. పద్యము చివర నటుడు రాగము తీయగా హార్మోనియము వెంటాడు తీరు మాకు స్ఫురించినది. పేజ్ ఒక పాటలో గిటారు తీగలపై వయొలిను కమానును లాగెను. ఆ ధ్వని చెవికి ఇంపుగాదు గాని, భయానక రసము దానిలో నిజముగా కలదు. తబలా గల పాటలో గిటారు శ్రుతి తీగ తంబురవలె నిలిచి మ్రోగును. బోనమ్ వాయించిన డ్రమ్ములలో లెక్క కలదు. తాళము తెలిసినవారు దానిని మోత యనజాలరు.

నచ్చనివియు కలవు. కొన్ని పాటలలో స్త్రీని నిందించుటయే సాహిత్యము. అది మాకు రుచింపలేదు. తుది పాట ఎనిమిది నిమిషములకు మించినది; రేడియోవారు నిడివి చూచి త్రోసివేయుదురను వెరపుతో అట్టపైన మూడున్నర నిమిషములని అచ్చువేసిరట! ఆ యుక్తికి నవ్వుకొంటిమి గాని, పాట సాగతీతకు విసుగు చెందితిమి. మొత్తము మీద ఇది మా హృదయమునకు అతి సమీపమైన సంగీతమని చెప్పము. కాని ఇది సంగీతము. ఆ మాట చెప్పుటకు మాకు ఇపుడు హక్కు కలదు, ఏలయన వింటిమి. నచ్చలేదని చెప్పుటకును అదే హక్కు.

ఇంతవరకు పెద్దలను మందలించితిమి. ఇక పిన్నల వంతు. రికార్డు ముగిసిన పిదప ఆ కుర్రవానిని మేమొక ప్రశ్న అడిగితిమి: "అబ్బీ, కైవారము తాతయ్య తత్త్వమొకటి మొదటినుండి చివరవరకు ఎప్పుడైనను వింటివా?" అతడు తల వంచుకొనెను. గాజులమ్ముకొని బ్రతికిన మనిషి ఆ తాతయ్య. తెలుగునను కన్నడమునను పాడి యోగియై వెలసెను. ఆ కైవారము 2007 వరకు మన కోలారు జిల్లాలోనిదే. అమరనారేయణస్వామి గుడిలో నేటికిని ఆ పాటలు వినవచ్చును. లండను స్టూడియోలో ఎన్ని గంటలు పట్టెనో చెప్పగల పిల్లవానికి, ఒక్క పూట ప్రయాణపు దూరములోనున్న పాట తెలియదు. "ముసలివాళ్ల భజన" అని అతడును వినకయే తీర్పు చెప్పియుండెను.

తప్పు అతనిదేనా? మేము వాని పాటను తలుపు బయట నిలిపితిమి. వాడు మా పాటను చెవి బయట నిలిపెను. చెవులలో తీగలు దోపుకొని ఒకే ఇంట ఒకరినొకరు వినక బ్రతుకుట అలవాటైనది. బడి కన్నడము, ఉద్యోగము ఇంగ్లీషు. తెలుగునకు మిగిలిన చోటు ఇంటి పంచ ఒక్కటే. ఆ పంచలో పిల్లవాడు తనకు ప్రియమైనదానిని గూర్చి మాట్లాడ వీలులేనిచో, అతడచట మాట్లాడుటయే మానును. మాట పోయిన పిదప తెలుగు ఏ భాషలో బ్రతుకును? పాశ్చాత్య సంగీతము వలన మన భాష చచ్చునని కొందరి భయము. మా భయము వేరు. పిల్లవాడు ఆ సంగీతమును గూర్చి మాతో తెలుగులో మాట్లాడ మానిన దినముననే భాషకు చేటు.

1980 లో వెలువడిన శంకరాభరణము చిత్రమును చూడని తెలుగు ఇల్లు మన సీమలో లేదు. అందులో పాశ్చాత్య బాణీలతో తన్ను వెక్కిరింపవచ్చిన కుర్రవారిని శంకరశాస్త్రి కర్రతో తరుమలేదు. వారి బాణీని తన కంఠముతో తిరిగి పాడి చూపి, ఆ పిదపనే తన పాటను వారిముందు పెట్టెను. వానిని వినినందువలననే వానిని మందలించు అధికారము ఆయనకు కలిగినది. ఆ దృశ్యమునకు చప్పట్లు కొట్టిన చేతులతోనే మనము పిల్లల పాటను ఆపివేయుచున్నాము. చప్పట్లు ఆయనకు, ఆచరణ మాత్రము ఎవరికి?

కావున మన సంఘమువారికి మాదొక విన్నపము. ప్రతి ఉగాది కూటమునను రెండు పాటలుండవలెను. ఒకటి పిన్నలు ఎన్నుకొనినది, ఒకటి పెద్దలు ఎన్నుకొనినది. రెండింటిని అందరును తుదివరకు వినవలెను, నడుమ లేచిపోరాదు. వినిపించువారు ఆ పాటను కట్టినవారెవరో, బాణీ ఎచటినుండి వచ్చినదో, వాయించినవారెవరో ముందుగా చెప్పవలెను. పేరు తెలియని పాటయైనచో, ఎవరి అవ్వ నోట విన్నదో ఆ అవ్వ పేరు చెప్పవలెను. ఆ పిదప అభిప్రాయములు తెలుగులో చెప్పవలెను. బాగున్నదనవచ్చును, బాగులేదనవచ్చును, అర్థము కాలేదనవచ్చును. వినలేదని మాత్రము అనరాదు.

ఆ కుర్రవానికి అరగంట ఇచ్చితిమి. ప్రతిగా అతడు ఒక ఆదివారము మాతో కైవారమునకు రావలెనని షరతు పెట్టితిమి. "వస్తాను తాతా, కాని చివరిదాకా వింటేనే నా మాట చెబుతాను" అని అతడనెను. తీర్పు చెప్పు అధికారము ఎట్లు వచ్చునో వానికి అప్పుడే తెలిసినది. మన పెద్దలకును తెలియుగాక!